ఎవరి ఉద్దేశం గురించి అడుగుతున్నాం?

ఉగ్రవాద దాడుల వెనుక ఉన్న కారణాలను చర్చించవచ్చా, దాడి తర్వాత ప్రభుత్వాలూ పౌరులూ ఎలా స్పందించాలి అన్న విషయాలపై పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపేశాం. కొన్ని ఉత్తరాలలోని ఆవేశాన్ని అలాగే ఉంచాం, ఎందుకంటే ఈ విషయం మీద ఆవేశం లేకుండా రాయమని ఎవరినీ అడగలేం.

ప్రశ్న: దాడి వార్త వచ్చిన ప్రతిసారీ మా మిత్రబృందంలో ఒకే గొడవ జరుగుతుంది. "ఇంతకు ఎందుకు తెగించారు?" అని ఒకరు అడగగానే, "అంటే వాళ్లను వెనకేసుకొస్తున్నావా?" అని మరొకరు విరుచుకుపడతారు. ఇంకొకరు "అన్యాయం జరిగింది, అందుకే చేశారు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కారణం వెతకడమంటే నేరాన్ని సమర్థించడమేనా?

జవాబు: కాదు. హత్య కేసు చేతికి వచ్చిన దర్యాప్తు అధికారి ప్రేరణ ఏమిటో వెతుకుతాడు. అది కనుక్కున్నంత మాత్రాన ఆయన హంతకుడి పక్షం వహించాడని ఎవరూ అనరు. అయితే మీ మిత్రుడి అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు. కారణాలు చెబుతూ చెబుతూ "మరి వాళ్లేం చేస్తారు పాపం" అన్న మాట దొర్లిన చోట వివరణ సమర్థనగా మారిపోతుంది. ఒకే అన్యాయాన్ని లక్షలమంది భరిస్తారు. వారిలో బాంబు పట్టేవారు అతి కొద్దిమంది. అన్యాయానికీ బాంబుకూ మధ్య ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఉంటుంది, ఆ నిర్ణయానికి బాధ్యత పూర్తిగా అతనిదే. అన్యాయం జరిగిందన్న మాట నిజమే అయినా, ఆ బాధ్యత అణువంత కూడా తగ్గదు.

మీ బృందంలో గొడవ తెగకపోవడానికి ఇంకొక కారణం ఉందని నా అభిప్రాయం. "ఎందుకు చేశారు?" అన్న ప్రశ్నలో కర్త ఎవరో ఎవరూ చెప్పరు. దాడిని తలపెట్టిన నాయకుడి ఉద్దేశం ఒకటి, దాన్ని నడిపే సంస్థ అవసరం మరొకటి, ప్రాణం పణంగా పెట్టి వెళ్లే యువకుడిని కదిలించింది వేరొకటి కావచ్చు. 2001 సెప్టెంబర్ 11న అమెరికాలో 2,977 మందిని బలిగొన్న దాడులను చూడండి. ఒసామా బిన్ లాడెన్ 1996లోనూ 1998లోనూ విడుదల చేసిన ప్రకటనలలో సౌదీ గడ్డ మీద అమెరికా సైన్యం ఉండటం, ఇరాక్‌పై ఆంక్షలు, పాలస్తీనా సమస్య ప్రధానంగా కనిపిస్తాయి. 2004లో వచ్చిన వీడియోలో అతనే మరొక మాట చెప్పాడు: అమెరికాను దివాలా తీసేదాకా రక్తమోడేలా చేయడమే తమ పద్ధతి అని. మొదటిది ఫిర్యాదు, రెండవది వ్యూహం. విమానాలు నడిపినవారిలో ముఖ్యులైన కొందరు జర్మనీలోని హాంబర్గ్‌లో చదువుకుంటూ, ఒకే చిన్న బృందంగా కలిసి తిరుగుతూ, ఒకరినొకరు బిగించుకుంటూ ఆ దారిలోకి వెళ్లినవారు. మనోవైద్యుడూ మాజీ గూఢచార అధికారీ అయిన మార్క్ సేజ్‌మన్ ఇలాంటి 172 మంది ఉగ్రవాదుల జీవితాలను పరిశీలించి, అధిక సంఖ్యాకులు సంస్థలోకి స్నేహం ద్వారానో బంధుత్వం ద్వారానో వచ్చారని తేల్చాడు. సిద్ధాంతం చాలామందికి ఆ స్నేహబృందంలో చేరాక బలపడింది.

నాయకుడికీ, సంస్థకూ, యువకుడికీ ఒకే ఉద్దేశం అంటగట్టి మాట్లాడితే ఒకరు ఫిర్యాదు గురించీ, మరొకరు వ్యూహం గురించీ, ఇంకొకరు మనస్తత్వం గురించీ వాదిస్తూ తాము ఒకే విషయం మీద తగాదా పడుతున్నామని అనుకుంటారు. ఈసారి చర్చ మొదలైనప్పుడు "ఎవరి ఉద్దేశం?" అని అడిగి చూడండి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది. మిగిలిన సగం అసలైన అభిప్రాయభేదం, అది ఉండవలసిందే.

ప్రశ్న: పేదరికం, చదువు లేకపోవడమే ఉగ్రవాదానికి మూలం అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. బడులు, ఉద్యోగాలు కల్పిస్తే ఇది ఆగిపోతుందా?

జవాబు: బడులూ ఉద్యోగాలూ వాటి కోసమే కావాలి, ఉగ్రవాదానికి మందుగా వాటిని అడగడం వాటికే అవమానం. అమెరికన్ ఆర్థికవేత్త అలాన్ క్రూగర్, తన సహ పరిశోధకురాలితో కలిసి 2003లో ప్రచురించిన వ్యాసంలో, పోరాటంలో మరణించిన 129 మంది హిజ్‌బుల్లా సభ్యుల వివరాలను అదే వయసు లెబనాన్ జనాభాతో పోల్చి చూశాడు. మరణించినవారిలో పేదరికం కొంచెం తక్కువగా, చదువు కొంచెం ఎక్కువగా కనిపించింది. జపాన్‌లో 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో వర్గంలో వైద్యులూ, భౌతికశాస్త్రం చదివినవారూ, రసాయన శాస్త్రజ్ఞులూ ఉన్నారు. వాయువు వదిలినవారిలో ఒకరు గుండె శస్త్రచికిత్స నిపుణుడు.

దీనిని బట్టి పేదరికానికి ఏ పాత్రా లేదనడం కూడా తొందరపాటే అవుతుంది. దాడి చేసేవారిని ఎంచుకునేటప్పుడు సంస్థలు చురుకైనవారినీ చదువుకున్నవారినీ ఏరుకుంటాయి కనుక, పట్టుబడినవారి పట్టాలను చూసి మొత్తం మద్దతుదారుల స్థితిని అంచనా వేయలేం. పైగా ఏళ్ల తరబడి సాగే అంతర్యుద్ధాలలో జీతం కోసం తుపాకీ పట్టేవారు ఉంటారు. అక్కడ ఆకలి లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న: మతమే అసలు కారణమని ఒప్పుకోవడానికి మేధావులు ఎందుకు జంకుతారు? దాడి చేసినవాళ్లే మతం పేరు చెబుతుంటే, కాదనడానికి మనం ఎవరం?

జవాబు: దాడి చేసినవారు చెప్పుకున్నదాన్ని విస్మరించకూడదన్న మీ మాటతో నేను ఏకీభవిస్తాను. వాళ్లు మతం పేరు చెప్పినప్పుడు "అది మతం కాదు, మీకు తెలియదు" అని పక్కకు నెట్టేసే పద్ధతి నాకూ నచ్చదు. ఎవరిని శత్రువుగా చూడాలి, ఎవరిని చంపితే పుణ్యం, ఎప్పుడు ఆపాలి అన్న విషయాలను నిర్ణయించేది సిద్ధాంతమే. అయితే ఆ సిద్ధాంతం మతమే కానవసరం లేదు. ఆత్మాహుతి బెల్టును ఒక నిత్యాయుధంగా మార్చిన సంస్థలలో ముందు వరుసలో నిలిచిన ఎల్‌టీటీఈ మత సంస్థ కాదు, జాతీయవాద సంస్థ. 1991 మే 21న శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీని చంపింది ఆ పద్ధతిలోనే. 1978లో ఇటలీ మాజీ ప్రధాని ఆల్డో మోరోను అపహరించి చంపిన రెడ్ బ్రిగేడ్స్ దేవుణ్ణి నమ్మని విప్లవవాదులు. 2011 జూలై 22న నార్వేలో 77 మందిని చంపినవాడు వలసలకూ ముస్లింలకూ వ్యతిరేకంగా 1,500 పేజీలు రాసుకున్నవాడు.

ఇక వారి ప్రకటనల విషయం. వాటిని సాక్ష్యంగా చదవాలి, వాంగ్మూలంగా కాదు. దాడి చేసినవాడి ప్రకటన ఒకేసారి ముగ్గురిని ఉద్దేశించి ఉంటుంది: శత్రువును భయపెట్టాలి, సానుభూతిపరులను ఆకట్టుకోవాలి, పోటీ సంస్థల కంటే తానే గట్టివాడినని చూపించుకోవాలి. కాబట్టి అందులో నిజమైన నమ్మకం, లెక్క వేసి చెప్పిన అబద్ధం పక్కపక్కనే ఉంటాయి. ప్రకటనకూ, దాడికి ఎంచుకున్న లక్ష్యానికీ పొంతన ఉందా, కోరిక నెరవేరాక దాడులు ఆగాయా, కోరికల జాబితా ఏటేటా మారిందా అని చూస్తే నమ్మకం ఎంతో, ప్రచారం ఎంతో కొంతవరకు తెలుస్తుంది. ఈ పని చేయడానికి ఓపిక కావాలి. టీవీ చర్చకు అంత సమయం ఉండదు, నిజానికి అక్కడ ఎవరికీ ఆ అవసరం కూడా లేదు.

ప్రశ్న: ఒకరికి ఉగ్రవాది, మరొకరికి స్వాతంత్ర్య యోధుడు అంటారు. అసలు నిర్వచనమే లేనప్పుడు ఈ చర్చంతా వృథా కాదా?

జవాబు: అందరూ ఒప్పుకున్న అంతర్జాతీయ నిర్వచనం లేదన్నది వాస్తవం. సమగ్ర ఒప్పందం ఒకటి కావాలని భారతదేశం 1996లో ఐక్యరాజ్యసమితిలో ముసాయిదా ప్రతిపాదించింది. విదేశీ ఆక్రమణపై పోరాటాన్ని మినహాయించాలా, ప్రభుత్వ సైన్యాల చర్యలను చేర్చాలా అన్న చోట అది ఇప్పటికీ తేలలేదు. నెల్సన్ మండేలా పేరు అమెరికా నిఘా జాబితాలో 2008 వరకు ఉండిపోయింది, ఆయన దేశాధ్యక్ష పదవి నుంచి దిగిపోయిన తొమ్మిదేళ్ల దాకా.

అయినా మీ సామెతలాంటి వాక్యం రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తోంది. లక్ష్యం న్యాయమైనదా అన్నది ఒక ప్రశ్న, పద్ధతి ఏమిటన్నది మరొకటి. ఒక మనిషి న్యాయమైన లక్ష్యం కోసం ఉగ్రవాద చర్యకు పాల్పడవచ్చు. అప్పుడు అతడు యోధుడూ ఉగ్రవాదీ కూడా అవుతాడు, ఒక పేరు రెండో పేరును చెరిపివేయదు. బెదిరించడానికి ఉద్దేశపూర్వకంగా పౌరులను చంపడం అన్న కొలతను చర్య మీద పెడితే, చేసినవాడి జెండా ఏ రంగుదైనా ఆ కొలత పనిచేస్తుంది. అదే పని ప్రభుత్వం చేసినా ఆ కొలతను దాచిపెట్టకూడదు. దక్షిణాఫ్రికాలో సత్య, సయోధ్య కమిషన్ ఈ ఇబ్బందికరమైన పని చేసింది. వర్ణవివక్ష ప్రభుత్వం చేసిన ఘోరాలతో పాటు, 1983 మే 20న ప్రిటోరియాలోని చర్చ్ స్ట్రీట్‌లో 19 మందిని చంపిన విముక్తి ఉద్యమ కారు బాంబును కూడా విచారణకు తీసుకుంది.

ప్రశ్న: 2019లో మసీదులపై దాడి తర్వాత అప్పటి న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డర్న్ హంతకుడి పేరు పలకనన్నారు. పేరు దాచితే ఏం ఒరుగుతుంది?

జవాబు: కొంత ఒరుగుతుంది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మందిని చంపినవాడు తన నేరాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు, నార్వే హంతకుడి నుంచి స్ఫూర్తి పొందానని రాసుకున్నాడు. అంటే ఒకడి కీర్తి మరొకడికి పాఠ్యపుస్తకం అయింది. జసిండా ఆర్డర్న్ అతని పేరు పలకకపోవడం, అతని రాతపత్రాన్ని కలిగి ఉండటాన్నే అక్కడి అధికారులు నేరంగా ప్రకటించడం ఆ గొలుసును తెంచే ప్రయత్నం. పరిశోధకులూ పాత్రికేయులూ మాత్రం దాన్ని చదవకుండా ఉండలేరు; నిషేధం వారికి అడ్డం కాకూడదు. నోరు నొక్కడం వెర్రితలలు వేసిన సందర్భమూ ఉంది: 1988 నుంచి 1994 వరకు బ్రిటన్‌లో, ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలనే ఐరిష్ రిపబ్లికన్ నాయకుల గొంతు ప్రసారం చేయకూడదన్న నిషేధం ఉండేది, దాంతో టీవీ సంస్థలు గెర్రీ ఆడమ్స్ మాట్లాడుతున్న దృశ్యాన్ని చూపిస్తూ మాటలు నటుల చేత చెప్పించాయి. గొంతు మారింది, మాటలు మారలేదు.

ప్రశ్న: ఎన్ని విశ్లేషణలు చేసినా చివరికి వాళ్లకు అర్థమయ్యే భాష ఒక్కటే: దెబ్బకు దెబ్బ. మెతకగా ఉంటే మళ్లీ కొడతారు. మీ జవాబు ఏమిటి?

జవాబు: దెబ్బ తగలవలసినవారికి తగిలితే నాకు అభ్యంతరం లేదు. చంపినవారినీ, చంపమన్నవారినీ వెతికి పట్టుకోవాలి, విచారించాలి, శిక్షించాలి. ఆయుధాలతో ఎదురు తిరిగితే ఆయుధాలతోనే ఎదుర్కోవాలి. కానీ "దెబ్బకు దెబ్బ" అని మనం అన్నప్పుడు సాధారణంగా మన మనసులో ఉండేది అంతకంటే వెడల్పైన దెబ్బ, అది ఎవరి మీద పడుతుందో చూడని దెబ్బ. దాడిని తలపెట్టిన నాయకుడి వ్యూహానికి కావలసింది సరిగ్గా అదే.

శ్రీలంకలో 1983 జూలై 23న ఎల్‌టీటీఈ పొంచి ఉండి 13 మంది సైనికులను చంపింది. ఆ తర్వాత కొలంబోలోనూ ఇతర చోట్లా తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు, వందలూ వేలూ అని లెక్కలు తేలనంత మందిని చంపారు. ఆ జూలైకి ముందు ఎల్‌టీటీఈ ఒక చిన్న దళం. ఆ నెల తర్వాత దానికి యువకులను వెతుక్కునే పనే లేకుండా పోయింది. ఉత్తర ఐర్లండ్‌లో 1971 ఆగస్టు 9న బ్రిటిష్ ప్రభుత్వం విచారణ లేని నిర్బంధాన్ని ప్రవేశపెట్టింది. నిఘా సమాచారం పాతబడినందువల్ల తొలి దాడుల్లో పట్టుకున్నవారిలో చాలామందికి ఐరిష్ రిపబ్లికన్ల సాయుధ సంస్థ ఐఆర్‌ఏతో సంబంధం లేదు. దానికి నిరసనగా 1972 జనవరి 30న డెర్రీలో జరిగిన ఊరేగింపు మీద సైనికులు కాల్పులు జరపగా ఆ రోజే 13 మంది చనిపోయారు. ముప్పై ఏళ్ల ఆ సంఘర్షణలో అత్యధిక మరణాలు నమోదైన సంవత్సరం 1972. డెర్రీ కాల్పులు సమర్థించరానివని బ్రిటిష్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పేసరికి 2010 జూన్ వచ్చింది.

తప్పు మనుషులను శిక్షించడం కూడా దెబ్బే, కానీ అది మన మీదే పడుతుంది. 1974 నవంబర్‌లో బర్మింగ్‌హామ్ పబ్బులలో బాంబులు పేలి 21 మంది చనిపోయిన కేసులో ఆరుగురికి యావజ్జీవ శిక్ష పడింది. వారు నిర్దోషులని 16 ఏళ్ల తర్వాత, 1991లో, న్యాయస్థానం విడుదల చేసింది. ఆ పదహారేళ్లూ అసలు నేరస్థులు బయటే ఉన్నారు. నిర్దోషిని జైలులో పెట్టినప్పుడు కఠినంగా ఉన్నామన్న తృప్తి మిగులుతుంది, కేసు మాత్రం మూసుకుపోతుంది.

ఐసిస్ ఈ లెక్కను దాపరికం లేకుండా రాసింది. 2015లో తన ఆంగ్ల పత్రికలో, పాశ్చాత్య దేశాలలో ముస్లింలు ఇతరులతో కలిసి బతుకుతున్న మధ్యస్థ భూమిని అంతం చేయడమే లక్ష్యమని ప్రకటించింది. దాడి జరగాలి, ఆ కోపం సాటి ముస్లింల మీదకు మళ్లాలి, వారికి ఐసిస్ తప్ప దిక్కు లేకుండా పోవాలి. ఈ వ్యూహంలో రెండో అడుగు మనం వేయవలసినది, మనం వేయకపోతే మూడోది లేదు.

కాబట్టి నేను చెప్పే స్పందన నాయకుడికీ, సంస్థకూ, యువకుడికీ వేర్వేరుగా ఉంటుంది. నాయకుడు మన నుంచి ఆశించే ప్రతిచర్యను అతనికి దక్కనివ్వకూడదు. సంస్థను పోలీసులూ, నిఘా విభాగాలూ, న్యాయస్థానాలూ ఛేదించాలి: డబ్బు దారులు, ఆయుధాల దారులు, లోపల ఉన్నవారిని బయటకు రప్పించే చట్టాలు. ఇటలీ రెడ్ బ్రిగేడ్స్‌ను ఎక్కువగా ఇలాగే కూల్చింది, పశ్చాత్తాపపడి సహకరించినవారికి శిక్ష తగ్గించే చట్టంతో. ఇక చేరబోయే యువకుడి విషయంలో డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరం చేసిన ప్రయోగం ప్రసిద్ధం. సిరియా యుద్ధానికి వెళ్లివచ్చిన యువకులలో నేరం రుజువు కాగలవారిని విచారణకు పంపుతూనే, మిగతావారికి చదువు, పని, ఒక మార్గదర్శిని సమకూర్చింది. "ఉగ్రవాదులను కౌగిలించుకుంటున్నారు" అని అక్కడే విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో కొంత నిజం ఉందేమో కానీ, ఇంకా నేరం చేయని యువకుడితో పోలీసు మాట్లాడటం, నేరం చేశాక మాట్లాడటం కంటే చౌక.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణను దాచను. శ్రీలంక ప్రభుత్వం 2009 మేలో ఎల్‌టీటీఈని సైనికంగానే తుడిచిపెట్టింది. బలప్రయోగం ఎన్నడూ ఫలించదన్నవారికి అది జవాబు. మూల్యం కూడా చెప్పాలి: చివరి నెలల్లో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల బృందం 2011లో పేర్కొంది. అలాంటి ముగింపులు అరుదు. 1968, 2006 మధ్య ఉన్న 648 ఉగ్రవాద బృందాలను అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్‌కు చెందిన సెత్ జోన్స్, మార్టిన్ లిబికీ పరిశీలించి 2008లో ప్రచురించిన లెక్కల ప్రకారం, అంతమైన బృందాలలో 43 శాతం రాజకీయ ప్రక్రియలోకి రావడం వల్ల, 40 శాతం పోలీసు, నిఘా చర్యల వల్ల కనుమరుగయ్యాయి. సైన్యం వల్ల అంతమైనవి 7 శాతం. చీలిపోయి మరో బృందంలో కలిసినవాటిని వారు ముగిసినట్లు లెక్కించలేదు, అది సబబే.

ప్రశ్న: 2004లో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాక స్పెయిన్ ఇరాక్ నుంచి సైన్యాన్ని వెనక్కు పిలిచింది. ఇది ఉగ్రవాదులకు లొంగిపోవడం కాక మరేమిటి? ఇలా లొంగితే మరెన్ని దాడులు జరుగుతాయి?

జవాబు: కాలక్రమం చూడండి. మార్చి 11న నాలుగు రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. మార్చి 14న ఎన్నికలు. అధికారంలో ఉన్న పార్టీ ఆధారాలు వేరే వైపు చూపుతున్నా బాస్క్ ప్రాంత వేర్పాటువాద సంస్థ ఈటాయే చేసిందని పట్టుబట్టింది. గెలిచిన సోషలిస్టు నాయకుడు జపతేరో సైన్యాన్ని వెనక్కు పిలుస్తానని దాడులకు ముందే మాట ఇచ్చాడు, ఇరాక్ యుద్ధాన్ని స్పెయిన్ ప్రజలలో అత్యధికులు మొదటి నుంచీ వ్యతిరేకించారు. ఓటర్లను కదిలించినది బాంబు భయమా, ప్రభుత్వం నిజం దాచిందన్న కోపమా అన్న విషయం మీద స్పెయిన్‌లోనే ఏళ్ల తరబడి వాదన సాగింది. నేను రెండో దాని వైపే మొగ్గుతాను.

దాడి చేసినవారు దాన్ని తమ విజయంగా చెప్పుకున్నారన్నది మాత్రం నిజం, ఆ ప్రచారానికి విలువ ఉంటుంది. అయినా ఒక విధానం తప్పని తేలితే, దాడి జరిగిందన్న ఒక్క కారణంతో దాన్ని పట్టుకు వేలాడటం కూడా ఉగ్రవాది చేతికి పగ్గాలు ఇవ్వడమే: అతడు ఏది కోరితే దానికి వ్యతిరేకం చేయడమే మన విధానం అయిపోతుంది. విధానాన్ని దాని మంచిచెడ్డలను బట్టే తూచాలి. మార్పు అవసరమైతే దాడికీ మార్పుకూ మధ్య తగినంత దూరం, తగినంత చర్చ ఉండేలా చూడాలి. మాడ్రిడ్‌లో ఆ దూరం లేకపోయింది, అందుకే అందరి నోళ్లూ తెరుచుకున్నాయి.

చర్చలంటే లొంగుబాటేనన్నవారికి ఉత్తర ఐర్లండ్ సంఘర్షణకు ముగింపు పలికిన 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం గుర్తు చేస్తాను. దాన్ని చెడగొట్టాలని ఐఆర్‌ఏ చీలిక వర్గం అదే ఏడాది ఆగస్టు 15న ఓమా పట్టణంలో బాంబు పేల్చి 29 మందిని చంపింది. ఒప్పందం చెదరలేదు, చీలిక వర్గం తన సొంత సమాజంలోనే ముఖం చూపలేని స్థితికి వచ్చింది. 2005 జూలైలో ఐఆర్‌ఏ సాయుధ పోరాటం ముగిసిందని ప్రకటించింది. ఆ ఒప్పందం కింద శిక్ష పూర్తికాకుండానే హంతకులు విడుదలయ్యారు, బాధితుల కుటుంబాలు దుకాణంలోనో వీధిలోనో వారికి ఎదురుపడవలసి వచ్చింది. శాంతిని మెచ్చుకునేవారు ఈ సంగతిని సాధారణంగా చెప్పరు.

ప్రశ్న: మీ వాళ్లు ఎవరైనా పోయి ఉంటే ఇంత తీరికగా కారణాలు విశ్లేషిస్తారా? బాధితుల బాధ మీకు కనబడదా?

జవాబు: విశ్లేషించలేకపోవచ్చు. అందుకే శిక్ష నిర్ణయించే పనిని ఏ నాగరిక సమాజమూ బాధితుల చేతికి వదలలేదు, వారి మాట వినడం మాత్రం మానలేదు. మీ ప్రశ్నలో నాకు కనిపించే ఇబ్బంది ఇది: బాధితులందరూ ఒకే మాట అంటారని మీరు అనుకుంటున్నారు. సెప్టెంబర్ 11 దాడుల్లో ఆప్తులను పోగొట్టుకున్న కొన్ని కుటుంబాలు 2002లో ఒక సంఘంగా ఏర్పడి, తమ దుఃఖం పేరుతో యుద్ధాలు చేయవద్దని కోరాయి. నిందితులకు మరణశిక్ష పడేదాకా తమకు నిద్ర లేదన్న కుటుంబాలూ ఉన్నాయి. ఎవరి బాధ పెద్దదో తేల్చగలవారు ఎవరు? వారి పేరు మీద మాట్లాడేముందు వారిని అడగాలి. అంతకంటే ముందు వైద్యం, పరిహారం, మానసిక చికిత్స ఏళ్ల తరబడి అందేలా చూడాలి. ఐక్యరాజ్యసమితి ఆగస్టు 21ని ఉగ్రవాద బాధితుల స్మారక దినంగా 2017లో ప్రకటించింది. హంతకుల పేర్లు వల్లించగలిగిన మనలో ఎంతమంది ఒక్క బాధితుడి పేరైనా చెప్పగలం అన్నది నన్ను నేను వేసుకునే ప్రశ్న కూడా.

ప్రశ్న: దాడి జరిగిన మొదటి గంటల్లోనే ఫోన్లలో "ఇది ఫలానా వాళ్ల పనే" అన్న సందేశాలు ముంచెత్తుతాయి. ఊరుకుంటే పిరికితనం, మాట్లాడితే తగాదా. ఏం చేయాలి?

జవాబు: ఆ గంటల్లో ఉద్దేశం గురించి ఏమీ చెప్పకండి, ఇతరులు చెబితే "ఎలా తెలిసింది?" అని మాత్రం అడగండి. అది తగాదా కాదు. 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ప్రభుత్వ భవనం ముందు ట్రక్కు బాంబు పేలి 168 మంది చనిపోయారు, వారిలో 19 మంది పసిపిల్లలు. ఆ రోజంతా టీవీలలో మధ్యప్రాచ్య ఉగ్రవాదుల గురించే చర్చ సాగింది, అరబ్బు మూలాలున్న ఒక అమెరికన్ ప్రయాణికుణ్ణి నిర్బంధించి ప్రశ్నించారు. బాంబు పెట్టింది గల్ఫ్ యుద్ధంలో పోరాడి వచ్చిన అమెరికా మాజీ సైనికుడు టిమొతీ మెక్‌వే. సరిగ్గా రెండేళ్ల కిందట అదే తేదీన టెక్సస్ రాష్ట్రంలోని వేకో దగ్గర ఒక మత వర్గం మీద ఫెడరల్ అధికారులు జరిపిన ముట్టడి మంటల్లో ముగిసిందన్న కసితో అతడు ఆ రోజును ఎంచుకున్నాడు. పేలుడు జరిగిన గంటన్నరకే, నంబర్ ప్లేటు లేని కారు నడుపుతున్నాడని, అతడెవరో తెలియని ఒక రాష్ట్ర పోలీసు రహదారి మీద ఆపి అరెస్టు చేశాడు. టీవీలో నిపుణులు మధ్యప్రాచ్యం పటాలు చూపిస్తున్న సమయానికి మెక్‌వే ఒక చిన్న పట్టణం జైలులో ఉన్నాడు.